శనివారం నాటి అద్దె

"చచ్చిపోయిన మనిషి కూడా పన్ను రిటర్న్ వేయాలా?" అడిగింది జిడ్డు మేడమ్.

"వేయాలండీ. మనిషి పోతాడు గానీ పన్నుల శాఖ ఎక్కడికి పోతుంది?" అన్నాడు ఆడిటర్. ఆ జోకు ఇదివరకు చాలామంది దగ్గర వేసినట్టుంది, తను మాత్రం నవ్వలేదు.

జిడ్డు మేడమ్ అసలు పేరు పిలిచేవాళ్లు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసే రోజుల్లో, పట్టుకుంటే వదలదని తోటివాళ్లు ఆ పేరు అంటించారు. రిటైరయ్యాక డిటెక్టివ్‌నని బోర్డు పెట్టుకున్నా, పేరు మాత్రం ఊడలేదు. ఆవిడకి కూడా దాని మీద పెద్ద పట్టింపు లేదు. పైగా కొన్ని గుమ్మాల దగ్గర పనికొచ్చేది.

ఆడిటర్ గది చూస్తే ఆవిడకి ఎందుకో ఒళ్లు జలదరించింది. దుమ్ము లేదు. ఫైళ్లన్నీ ఒకే ఎత్తున, ఒకే రంగు టేపుతో కట్టి ఉన్నాయి. బల్ల మీద పెన్నులు కొలిచి పెట్టినట్టున్నాయి. ఆవిడ కావాలనే ఒక పెన్ను తీసి, చూసి, పక్కకి తిప్పి పెట్టింది. మాట్లాడుతూనే ఆయన దాన్ని సర్దేశాడు. తను సర్దినట్టు కూడా ఆయన గమనించలేదు.

"పెద్దాయన మీకు ఎన్నాళ్లుగా తెలుసు?"

"పాతికేళ్లు. ఆయన కోల్డ్ స్టోరేజీ పెట్టినప్పటి నుంచీ లెక్కలు నావే. వాళ్లమ్మాయి నన్ను బాబాయ్ అంటుంది. నా చేతుల మీద పెరిగిన పిల్ల." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఏటా పన్నుకి చెక్కు నా చేతికిచ్చేవారు. కట్టడం నా వంతు. ఒక్క ఏడు తప్పలేదు."

పెద్దాయన సోమవారం పొద్దున తన కోల్డ్ స్టోరేజీ పైన, తను ఒంటరిగా ఉండే ఆఫీసు గదిలో శవమై కనిపించాడు. తల వెనక దెబ్బ. ఆదివారం రాత్రి పోయి ఉంటాడన్నాడు డాక్టరు. ఆ రాత్రి అల్లుడు మెట్లెక్కి పైకి వెళ్లి, కాసేపటికి దిగి వచ్చాడని వాచ్‌మన్ చెప్పాడు. స్టోరేజీ అమ్మే విషయంలో మామా అల్లుళ్లకి మాటా మాటా వచ్చిన సంగతి నలుగురికీ తెలుసు. ఇంకేం కావాలి? ఇన్‌స్పెక్టర్ అల్లుణ్ణి పట్టుకుపోయాడు. "తలుపు కొట్టాను, పలకలేదు, వచ్చేశాను" అన్న అల్లుడి మాట ఎవరూ నమ్మలేదు, ఒక్క పెళ్లాం తప్ప. ఆ అమ్మాయే, తండ్రి పోయిన ఏడుపు ఇంకా ఆగకుండానే, మొగుణ్ణి కాపాడమని జిడ్డు మేడమ్ దగ్గరికి వచ్చింది. రేపు పొద్దున అతన్ని కోర్టులో హత్యానేరం మీద నిలబెడుతున్నారు.

"ఆయన్ని మీరు ఆఖరిసారి చూసిందెప్పుడు?"

"గురువారం."

"శుక్రవారం?"

"ఇక్కడే, ఈ కుర్చీలోనే. రిటర్నుల సీజన్ కదండీ, ఊపిరి తిరగదు."

"ఆదివారం?"

ఆయన చెయ్యి మళ్లీ పెన్నుల మీదికి వెళ్లింది. "మధ్యాహ్నం స్టోరేజీకి వెళ్లా. కింద స్టోర్‌రూమ్‌లో పాత ఫైళ్లుంటే తెచ్చుకున్నా. పైకి వెళ్లలేదు."

"పాతికేళ్ల స్నేహితుడు పైనుంటే, పలకరించకుండా వచ్చేశారా?"

"ఆయన నిద్రపోయే వేళ అది. లేపితే తిట్టేవారు." మళ్లీ అదే నిబ్బరం. ఇన్ని ప్రశ్నలు వేస్తున్నా మనిషి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. "మేడమ్ గారూ, ఆ కుర్రాడు చెడ్డవాడని నేనూ అనను. కోపం క్షణికం. కానీ ఏం చేస్తాం చెప్పండి?"

బల్ల మీద, ఆయన మోచేతి దగ్గర, పెద్దాయన పేరుతో రెండు షీట్లున్నాయి. జిడ్డు మేడమ్ మెడ చాచింది.

"ఇదేనా ఆ ఆఖరి రిటర్న్?"

"డ్రాఫ్టు. మరణం తేదీ దాకా వచ్చిన ఆదాయం పోయినాయనది. ఆ తరవాత వచ్చింది వారసులది. అందుకని రెండు షీట్లు. ఒకటి ఆయనకి, ఒకటి అమ్మాయికి. వారసురాలిగా తను సంతకం పెడితే పని అయిపోతుంది. పొద్దున ఒక కాపీ పంపాను."

"నాకూ ఒకటి ఇస్తారా?"

"మీకెందుకండీ? చదవడానికి అందులో కథేం ఉంటుంది?"

"నాకు నిద్ర పట్టదు. ఇలాంటివి చదివితే పడుతుందేమో."

ఇవ్వనంటే అనుమానం, ఇస్తే ఏముంది అన్నట్టు ఆయన ఒక నిమిషం తటపటాయించి, రెండు షీట్లూ కవర్లో పెట్టి ఇచ్చాడు. ఆవిడ గుమ్మం దాటుతూ వెనక్కి చూసింది. ఆవిడ కూర్చున్న కుర్చీని ఆయన అప్పటికే బల్ల కిందికి నెట్టేస్తున్నాడు.

రోడ్డు మీదికి రాగానే అమ్మాయికి ఫోన్ చేసింది.

"మీ బాబాయ్ పంపిన కాగితాల మీద సంతకం పెట్టావా?"

"లేదండీ. మధ్యాహ్నం పెడదామని."

"పెట్టకు. ముందు ప్రతి అంకె చూడు. ఎక్కడ తేడా ఉన్నా సరే, నాకు చెప్పు."

"బాబాయ్ లెక్కలో తేడానా!" ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆ పిల్ల గొంతులో నవ్వులాంటిది వినబడింది. "సరే, చూస్తాను. నేనూ బ్యాంకులో పనిచేసేదాన్నేగా. మేడమ్, రేపటిలోగా ఏదైనా..."

"చూస్తున్నానమ్మా," అంది జిడ్డు మేడమ్. అంతకన్నా ధైర్యం చెప్పడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు. అందుకు ఆవిడకి చాలా బాధేసింది.

* * *

కోల్డ్ స్టోరేజీ కింది అంతస్తులో పొడుగాటి నడవ, నడవకి ఒక పక్కన లావుపాటి తలుపులతో మూడు చల్లగదులు. ఆ చివర మెషీన్ రూమ్. పైన ఆఫీసు గదిని పోలీసులు జల్లెడ పట్టేశారు, సీలు కూడా వేశారు. కింద మాత్రం ఎవరూ కన్నెత్తి చూడలేదని తలుపుల మీది దుమ్మే చెబుతోంది.

మెషీన్లు చూసుకునే ఆపరేటర్ నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు. రెండు ప్రశ్నలకి ఒక జవాబు చెప్పే రకం.

"ఇప్పుడు ఎన్ని గదులు నడుస్తున్నాయి?"

"మొదటివి రెండే. పండ్ల వ్యాపారి అద్దెకి తీసుకున్నాడు. మూడోది ఖాళీ."

"ఖాళీ గది తలుపు హేండిల్ ఇంత నిగనిగలాడుతోందేం?"

అతను హేండిల్ వంక చూశాడు, తన చేతి గుడ్డ వంక చూశాడు. "నేను తుడవలేదు."

"మరి ఈ మధ్య దీన్ని ఎవరు వాడారు?"

అతను నడవ వైపు ఒకసారి చూసి, ఎవరో తరుముతున్నట్టు గబగబా చెప్పేశాడు. "శుక్రవారం రాత్రి పెద్దాయన ఆన్ చేయమన్నారండీ. ఖాళీ గదికి కరెంటు దండగ కదా అనుకున్నా. ఓనరు చెప్పాక మనకెందుకు? ఆదివారం మధ్యాహ్నం ఆపేయమన్నారు, ఆపేశా."

"వచ్చి చెప్పారా?"

"మెసేజ్ పెట్టారు. రెండుసార్లూ."

"ఎప్పుడూ మెసేజే పెడతారా?"

"అబ్బే! ఎప్పుడూ కేకే. పైనుంచి ఆయనొక్క కేకేస్తే మెషీను చప్పుళ్లో కూడా నాకు వినబడేది. మెసేజ్ రావడం అదే మొదటిసారి. గొంతు బాగాలేదేమో అనుకున్నా."

"ఈ మాట పోలీసులతో చెప్పావా?"

"అల్లుడుగారు ఎప్పుడొచ్చారు, ఎప్పుడెళ్లారు, ఇదే అడిగారు. మూడో గది గురించి అడిగితేగా!"

"సరే. ఆదివారం పగలు ఇక్కడికి ఎవరొచ్చారు?"

"ఆడిటర్‌గారు. ఫైళ్ల పెట్టెలు మోయాలి, తోపుడుబండి కావాలన్నారు. లిఫ్ట్ తాళం కూడా అడిగారు. నేను సాయం వస్తానంటే, వద్దులే, ఇంటికెళ్లి తినేసి రా అన్నారు. మంచి మనిషి."

కింది స్టోర్‌రూమ్‌లో ఫైళ్లు తీసుకునే మనిషికి లిఫ్ట్ తాళం ఎందుకో ఆపరేటర్‌కి తట్టలేదు. జిడ్డు మేడమ్ మాత్రం తలూపి ఊరుకుంది. తలుపు తెరిపించింది.

లోపల చలి లేదు గానీ, చలి వదిలివెళ్లిన తేమ వాసన ఉంది. కిటికీ లేని గది. గోడ వెంట, నేల నుంచి పై దాకా, గదిని చల్లబరిచే గొట్టాలు వరసగా ఉన్నాయి. గది నడుస్తున్నప్పుడు వాటి మీద మంచు పేరుకుంటుంది. ఇప్పుడు ఆరిపోయి, నల్లగా, మూగగా ఉన్నాయి. ఆవిడ టార్చి వేసి మూల మూలా వెదికింది. మోకాళ్లు నొప్పి పుడుతున్నా కింద కూర్చుంది. తలుపుకి ఎదురు మూలలో, కూర్చున్న ఆవిడ భుజం ఎత్తున, గొట్టానికి ఏదో అంటుకుని ఉంది.

బూడిదరంగు ఉన్ని పీచు. బొటనవేలంత కుచ్చు.

"ఐసులో కూడా అంటుకుపోయారా జిడ్డు మేడమ్?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్. ఇస్త్రీ నలగని యూనిఫారం, దానికన్నా ఇస్త్రీగా ఉన్న నవ్వు. రెండేళ్ల కిందట ఒక గోదాము అగ్నిప్రమాదం కేసులో అతను పట్టుకున్న మనిషి దోషి కాదని తేల్చింది ఈవిడే. ఆ మంట అతనిలో ఇంకా ఆరలేదు.

"రండి, రండి. మిమ్మల్నే తలుచుకుంటున్నా," అంది ఆవిడ, నేల మీద నుంచి లేవకుండానే.

"కేసు రేపు కోర్టుకి వెళ్తోంది. మీరు ఈ గదిలో ఆడుకోవడానికి పర్మిషన్ ఎవరిచ్చారు?"

"ఓనరమ్మాయి. ఇన్‌స్పెక్టర్‌గారూ, పెద్దాయన వేసుకున్న స్వెటర్ వీపు మీద చిరిగి ఉందని రాశారు కదా?"

"రాశాం. అల్లుడు పట్టుకుని లాగాడు, పెనుగులాటలో చిరిగింది."

"చిరిగిన పీచు పై గదిలో దొరికిందా?"

"లేదు. అయితే?"

ఆవిడ టార్చి గొట్టం మీదికి తిప్పింది. ఇన్‌స్పెక్టర్ ఒంగి చూశాడు. నవ్వు కొంచెం నలిగింది. కానీ అంత తేలిగ్గా ఒప్పుకుంటే అతను ఇన్‌స్పెక్టర్ ఎలా అవుతాడు?

"ఓనరన్నవాడు తన స్టోరేజీలో తిరగడా? ఏనాడో ఆనుకుని ఉంటాడు."

"ఆనుకునేవాడు నిలబడి ఆనుకుంటాడు. ఇది ఎంత ఎత్తున ఉందో చూడండి. నేల మీద కూర్చోవాలి. మంచు పట్టి ఉన్ని గొట్టానికి అతుక్కుపోయేదాకా కదలకుండా కూర్చోవాలి. బతికున్నవాడు అలా కూర్చుంటాడా?"

ఇన్‌స్పెక్టర్ మళ్లీ ఒంగి గొట్టం ఎత్తు చూశాడు.

"ఆయన ఆదివారం పోలేదు. శుక్రవారం పోయాడు. చంపినవాడు శవాన్ని ఇక్కడ కూర్చోబెట్టాడు. చలిలో ఉన్న శవం పాడవదు, డాక్టరు రెండ్రోజులు తప్పు చెబుతాడు. ఆయన ఫోన్ నుంచే మెసేజ్ పెట్టి గది ఆన్ చేయించాడు, మళ్లీ ఆపించాడు. ఆదివారం శవాన్ని లాగి పైకి చేర్చాడు. లాగినప్పుడు చిరిగింది స్వెటర్. గురువారం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా అల్లుడు ఈ ఊళ్లోనే లేడు. మీరే విచారించారు."

"ఒక ఉన్ని పీచు, రెండు మెసేజ్‌లు! కోర్టు చెవిలో పువ్వు పెట్టమంటారా?" ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచాడు. "శుక్రవారమే పోయాడంటున్నారు. అయితే ఆ సంగతి ఇంకెవడికో ఒకడికి తెలిసి ఉండాలి. వాణ్ణి చూపించండి, మీ అల్లుణ్ణి ఇప్పుడే వదిలేస్తా."

పీచు పెట్టడానికి కవరు కోసం ఆవిడ సంచీలో చెయ్యి పెట్టింది. ఆడిటర్ ఇచ్చిన కవరు చేతికొచ్చింది. అందులోంచి షీట్లు తీస్తూ, అలవాటు కొద్దీ, టార్చి వెలుగులో ఒకసారి కళ్లతో తడిమింది. తరవాత మొదటి నుంచి మళ్లీ చదివింది.

"ఏంటి, నిద్రొస్తోందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పండ్ల వ్యాపారి అద్దె ఎప్పుడు కట్టాడు?" ఆవిడ ఆపరేటర్‌ని అడిగింది. ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా వినబడింది.

"శనివారం అండీ. నా ముందే ఫోన్లో పంపాడు. ప్రతి నెలా అంతే, ఆ తేదీనే."

"ఇన్‌స్పెక్టర్‌గారూ, ఇది చూడండి. ఇది పెద్దాయన ఆఖరి రిటర్న్. మనిషి పోయినరోజు దాకా వచ్చింది ఆయన ఆదాయం, ఆ తరవాత వచ్చింది వారసులది. లోకం మొత్తానికీ ఆయన పోయింది ఆదివారం. మీ డాక్టరు అన్నాడు, సర్టిఫికెట్టూ అంది. ఈ కాగితం నెత్తిన తేదీ కూడా అదే. అలాంటప్పుడు శనివారం వచ్చిన అద్దె ఎవరిది?"

"పెద్దాయనది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మరి ఈ షీట్లో లేదేం?"

అతను షీటు లాక్కుని చూశాడు. ఆవిడ రెండో షీటు అందించింది. అమ్మాయి షీటు. మొట్టమొదటి పద్దు అదే, శనివారం నాటి అద్దె. పక్కనే పెన్సిలుతో, ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక మాట: మరణానంతరం జమ.

"పొరపాటై ఉండొచ్చు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. కానీ ఈసారి గట్టిగా అనలేదు.

"ఒక చోట మర్చిపోతే పొరపాటు. ఇక్కడ తీసి, అక్కడ చేర్చి, ఎందుకో కూడా రాశాడు. ఆయన పెన్ను కూడా వంకరగా పెట్టలేడండీ, నేను చూశాగా. పైన తేదీ సర్టిఫికెట్ చూసి వేసుకున్నాడు. లెక్కకి మాత్రం సర్టిఫికెట్ చూడలేదు. ఆయనకి ఆ మనిషి శుక్రవారం పోయాడు. కళ్లారా చూశాడు. చెయ్యి దానంతటదే అక్కడ ఆగిపోయింది."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి నెత్తి తడుముకున్నాడు.

"పాతికేళ్ల స్నేహితుడు. ఎందుకు చంపుతాడు?"

"పై గది సోదా చేసింది మీరు. ఆయన బల్లలో ఏం దొరికింది?"

"ఏమీ లేదు. బిల్లులు, మందులు, ఒక పన్ను నోటీసు."

"ఏం నోటీసు?"

"నాలుగేళ్లుగా పన్నే కట్టలేదని. వ్యాపారస్తులకి అలాంటివి మామూలే అని పక్కన..." అతను ఆగిపోయాడు.

"ఏటా చెక్కు నా చేతికే ఇచ్చేవాడు, ఒక్క ఏడు తప్పలేదు, అని ఇందాకే నాతో గొప్పగా చెప్పాడు," అంది జిడ్డు మేడమ్. "శుక్రవారం పెద్దాయన ఆయన్ని పిలిచి ఆ డబ్బు ఏమైందని నిలదీసి ఉంటాడు. పప్పులో కాలేశాం ఇన్‌స్పెక్టర్‌గారూ. ఆ పెద్దమనిషి ముందు కూర్చుని టీ కూడా తాగాను నేను."

ఇన్‌స్పెక్టర్ ఇక వాదించలేదు. స్టేషన్‌కి ఫోన్ చేయబోయాడు. "ఇక్కడ సిగ్నల్ ఉండదు సార్. గోడలు మందం," అన్నాడు ఆపరేటర్. ముగ్గురూ నడవలోంచి బయటి వరండాలోకి వచ్చారు.

వెలుగులోకి రాగానే జిడ్డు మేడమ్ ఫోన్ కొట్టుకుంది. వరసగా మూడు మిస్డ్ కాల్స్. మూడూ అమ్మాయివే.

ఆవిడ వెంటనే కలిపింది.

"మేడమ్, మీరు చెప్పినట్టే ప్రతి అంకె చూశా!" అమ్మాయి గొంతు ఉత్సాహంగా ఉంది. "ఒక్కటి దొరికింది. శనివారం అద్దె నాన్నగారి వైపు ఉండాలి, నా వైపు వేశారు. మీకు మూడుసార్లు చేశాను, కలవలేదు. చిన్నదే కదా అని బాబాయ్‌కే ఫోన్ చేసి చెప్పేశా."

"ఏమన్నాడు?"

"పాపం, ఎంత నొచ్చుకున్నారో! కాసేపు మాటే రాలేదు. ఇంకెవరికైనా చూపించావా అమ్మా అన్నారు. లేదన్నా. వెంటనే ఆయనే కారేసుకుని వచ్చేశారు. ఇంట్లో ఉన్న కాపీలన్నీ తెమ్మంటే తెచ్చా. ఆఫీసులో దిద్దేసి, ఈరోజే సంతకం..."

"నువ్వు ఇప్పుడు ఎక్కడున్నావు?"

"కార్లోనే."

జిడ్డు మేడమ్ ఇన్‌స్పెక్టర్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. అతను ఫోన్‌కి దగ్గరగా చెవి పెట్టాడు.

"అమ్మా, నేను చెప్పేది విను. మామూలుగా మాట్లాడు. కారు ఎక్కడైనా నెమ్మదిస్తే, వాంతి వస్తోందని చెప్పి దిగిపో. జనం ఉన్న చోట దిగు. ఆయనకి..."

"అదేంటి మేడమ్? బాబాయ్ పక్కనే..." అమ్మాయి ఆగింది. కిటికీలోంచి బయటికి చూసినట్టుంది. "బాబాయ్, ఇది ఆఫీసు దారి కాదు కదా?"

జవాబు వినబడలేదు. కారు వేగం పెరిగిన చప్పుడు వినబడింది. తరవాత నెమ్మదైన, మర్యాదైన గొంతు: "ఫోన్ ఇటివ్వమ్మా."

"బాబాయ్, చెయ్యి... బాబాయ్!"

చిన్న పెనుగులాట. ఆ తరవాత ఆ గొంతు దగ్గరగా వచ్చింది.

"మేడమ్ గారూ, కాగితాలు చదివినట్టున్నారు. తప్పు నాదేనండీ. పాతికేళ్లలో మొదటిది. దిద్దుకుంటున్నాను."

ఫోన్ ఆగిపోయింది. ఆవిడ మళ్లీ చేసింది. స్విచ్చాఫ్. ఇంకోసారి చేసింది. ప్రతి అంకె చూడమని ఆ పిల్లని కూర్చోబెట్టింది తనే. ఆ మాట చెప్పి, సిగ్నల్ లేని గదిలోకి వచ్చి కూర్చుందీ తనే.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే జీపు వైపు పరుగెడుతున్నాడు. స్టీరింగ్ ముందు కూర్చుని, వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకుని, ఆవిడ కోసం అవతలి తలుపు తన్ని తెరిచాడు.

"ఎక్కండి! అన్ని రోడ్లూ మూయిస్తాను. కారు ఏ రంగు? నెంబరెంత?"

జిడ్డు మేడమ్ నోరు తెరిచింది. ఆ కారుని ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదు.